దిగులు, దడ, దేహబాధ: రైతులకు ఒక పాఠము



ఈ పత్రికయందు ప్రతిమాసమును విత్తనమును గూర్చియో, ఎరువును గూర్చియో, పైరుల తెగుళ్లను గూర్చియో వ్రాయుట నా వాడుక. ఈ మాసము పైరును విడిచి, పైరు పెట్టువానిని గూర్చి వ్రాయుచున్నాను. ఏలయన, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు గ్రామములకు పొలములు చూడబోయినపుడు, పొలము మాట ముగిసిన పిదప గట్టుమీద కూర్చుండి రైతులు నాతో చెప్పు మాటలు కొన్ని కలవు. “గుండె దడదడ కొట్టుకొనుచున్నది.” “తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చును, మరల నిద్ర పట్టదు.” “అన్నము లోపలికి పోదు, కడుపులో మంట.” “పరీక్షలన్నియు చేయించితిని, రోగము లేదనిరి, బాధ మాత్రము పోలేదు.”

ఈ బాధ కల్పితము కాదు. చింత ముదిరి దేహమునకు దిగినపుడు కలుగు రోగమిది. దీనికి కారణము కలదు, గుర్తులు కలవు, చికిత్స కలదు. దీనిని దాచుటవలన మాత్రము ప్రాణములు పోవుచున్నవి. కావున ఈ పాఠమును సంఘ సమావేశమునందు చదివి, చదువురానివారికి వినిపింపవలెనని కోరుచున్నాను.

చింత దేహమునకు దిగు విధము

రాత్రివేళ నీరు కట్టబోయిన రైతు కాలి దగ్గర పాము బుసకొట్టినదనుకొనుడు. తత్‌క్షణమే గుండె వేగముగా కొట్టుకొనును. ఊపిరి త్వరపడును, అరచేతులు చెమర్చును, నోరెండును. మూత్రపిండములపై నున్న రెండు చిన్న గ్రంథులు అడ్రినలిన్ అను రసమును రక్తములోనికి విడుచుటయే ఇందుకు ముఖ్యకారణము. ఇది పరుగెత్తుటకును, ఎదిరించుటకును దేహము చేసికొను సన్నాహము. పాము పోయిన కొంతసేపటికి దేహము నెమ్మదించును.

అప్పు పామువలె పొదలోనికి పోవునది కాదు. పగలును రాత్రియు ఇంటనే యుండును. అందుచే దేహము సన్నాహమును విడువక నిలిచియే యుండును. కొన్ని మాసములు ఇట్లు జరిగినచో నిద్ర చెడును, ఆకలి తగ్గును, కడుపు మండును. మెడ, వీపు, తల నొప్పులు పుట్టును. ఊపిరి అతిత్వరగా పీల్చి విడుచుటచే బొగ్గుపులుసు వాయువు రక్తమునుండి మితిమించి వెడలిపోయి, వ్రేళ్ల కొనలును పెదవులును తిమ్మిరెక్కి తల తిరుగును. అది చూచి రోగి మరింత భయపడును. ఆ భయముచే దడ హెచ్చును. ఇట్టి దడ సామాన్యముగా పది నిమిషములలో మిక్కుటమై, అరగంటలో తగ్గుముఖము పట్టును.

ఇది పిరికితనమని నవ్వువారు కలరు. భగవద్గీత మొదటి అధ్యాయమునకు అర్జున విషాదయోగమని పేరు. అవయవములు పట్టుదప్పుట, నోరెండుట, ఒడలు వణకుట, చర్మము మండుట, చేతిలోని గాండీవము జారుట అందు చెప్పబడినవి. అంతటి విలుకానికి కలిగినది అయిదెకరముల రైతునకు కలుగుటలో సిగ్గుపడవలసినదేమి?

ఆందోళనము, దిగులు

ఈ వ్యాధిలో రెండు విధములు ముఖ్యములు. రాబోవు కీడును గూర్చి మనస్సు ఎడతెగక పరుగెత్తుట ఆందోళనము. దడ, చెమట, వణకు, నిద్రపట్టమి దీని గుర్తులు. మనస్సు పరుగెత్తుట మాని క్రుంగిపోవుట దిగులు. దిగులు గలవానికి పండుగయందు సంతోషముండదు, పనియందు ఆసక్తియుండదు. దేహము బరువెక్కినట్లు తోచును. తాను ఎందుకును కొరగానివాడనని తలచును. పెక్కండ్రకు ఈ రెండును కలిసియే యుండును. ఒకనాడు రెండునాళ్లు మనస్సు బాగుండకపోవుట రోగము కాదు. రెండు వారములు దినదినమును ఇట్లే యుండి పనిపాటులు చెడినచో రోగమని యెంచి వైద్యుని చూడవలెను.

అయితే ఒక హెచ్చరిక. ఆకు పచ్చబడుటకు నత్రజని లోపము, నీరు నిలుచుట, వేరుకుళ్లు మొదలగు కారణములెన్నో యున్నట్లే, దడకును నీరసమునకును కారణములు పెక్కులు. రక్తహీనత, చక్కెరవ్యాధి, థైరాయిడ్ గ్రంథి వికారము ఇట్టి గుర్తులనే చూపును. కావున మొదట ఒకమారు వైద్యునిచే పరీక్ష చేయించుకొనవలెను. రొమ్మున బరువైన నొప్పి పుట్టి ఎడమచేతికో దవడకో ప్రాకి చెమటలు పట్టినచో, అది చింత యని ఊరకుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను. పురుగుమందు చల్లివచ్చిన నాడు నోట చొంగ, విపరీతపు చెమట, చూపు మసక, వాంతి, వణకు కలిగినచో అది మందు ఒంటికి ఎక్కుటచే కలిగినదని తలచి, మందుడబ్బాపై చీటిని వెంటగొని తక్షణమే ఆసుపత్రి చేరవలెను.

మన సీమయు, ఒక సభ్యుని సంగతియు

మన పడమటి మండలములలో ఈ వ్యాధికి ఎడమేల కలుగుచున్నదో మీకు చెప్పనక్కరలేదు. 1876 మొదలు 1878 వరకు నడచిన కరువును పెద్దలు ధాత కరువని చెప్పుకొనెడివారు. వాన నమ్మరానిది. తుంగభద్ర దిగువ కాలువ చివరి భూములకు నీరు చేరుట కష్టము. 2002లో బీటీ పత్తి వచ్చినపుడు కాయతొలుచు పురుగు బాధ తగ్గెను గాని, పిదప గులాబిరంగు పురుగు దానికి అలవాటుపడెను. ఉల్లిధర ఒక వారమున్నట్లు మరియొక వారముండదు. పంట లేని ఏట కుటుంబములు తాళము వేసి సుగ్గికి గుంటూరు మిరపతోటలకు పోవును.

కొన్ని సంవత్సరముల క్రిందట ఆదోని సమీపగ్రామమునందలి ఒక సభ్యునికి జరిగినది చెప్పెదను. పేరు అనవసరము. ఆయన సమ్మతితోనే వ్రాయుచున్నాను. ఆయనకు సొంతభూమి అయిదెకరముల నల్లరేగడి. మరి నాలుగెకరములు గుత్తకు పట్టి, అంతయు పత్తి పెట్టెను. పూత సమయమున బెట్ట, కాయ పగులు సమయమున ముసురు. సంఘపు బాకీ, మందుల అంగడి బాకీ, బయటి వడ్డీ బాకీ మూడును నిలిచెను. కార్తికము మొదలు నిద్ర చెడెను. ఒకనాడు మార్కెట్టుకు పోవు బస్సులో దడ పుట్టి, ప్రాణము పోవుచున్నదని తలచి నడిదారిలో దిగిపోయెను. పిదప రెండు పొట్టేళ్లనమ్మి నాలుగుచోట్ల పరీక్షలు చేయించుకొనెను. గుండె బాగున్నది, నీకేమియు లేదనిరి. ఏమియు లేనివాడు ఇంత బాధ ఎట్లు పడునని సిగ్గుపడి, అప్పటినుండి ఎవరికిని చెప్పుట మానెను.

మరుసటి ఏట మృగశిర కార్తెలో మంచి పదునయ్యెను. ఊరంతయు గొర్రు కట్టెను. ఆయన గొర్రు మాత్రము గోడకు చేరవేసినది చేరవేసినట్లే యుండెను. నేను పోయి, “అన్నా, మగవాడవు, ఇట్లు కూర్చుండిన ఎట్లు? నీకంటె ఎక్కువ బాకీ యున్నవారు లేరా? లేచి విత్తుము” అంటిని. ఆయన తలయూపెను గాని విత్తలేదు. కాలు విరిగినవానిని లేచి నడువుమనుట వంటి మాట నేనాడితినని పిదప తెలిసినది.

వారము దినములకు ఆయన భార్య సంఘ కార్యాలయమునకు వచ్చి, “అయ్యా, ఆయన ఎవరితోను మాటలాడుట లేదు. నాకు భయము వేసి పురుగుమందు డబ్బాలు తీసి మా అన్న ఇంట తాళము వేయించినాను” అని చెప్పినది. పైరునకు మందు ఎంత కలుపవలెనో ఇరువది యేండ్లుగా చెప్పుచున్న నాకు, ఆ డబ్బా ఎక్కడ నున్నదని అడుగవలెనని తోచలేదు. ఆమెకు తోచినది.

మరల పోయితిని. ఈసారి ధైర్యము చెప్పలేదు. ప్రక్కన కూర్చుండి అడిగితిని. “అన్నా, రాత్రి ఎన్ని గంటలకు మెలకువ వచ్చును? అప్పుడేమి తోచును? బ్రదుకు వలదని తోచునా?” చాలసేపు ఊరకుండి, “తోచుచున్నది” అని ఏడ్చెను. ఆ దినమే ఆయన బావమరిదియు నేనును ప్రభుత్వ ఆసుపత్రికి తోడుకొనిపోతిమి. వైద్యుడు నిద్రను, ఆకలిని, తలంపులను గూర్చి నిదానముగా ప్రశ్నించి, ఇది దిగులురోగమని పేరు చెప్పి మాత్రలు వ్రాసెను. రోగమునకు పేరు దొరికినదని ఆయన ముఖము ఆనాడే కొంత తేటపడెను. మొదటి రెండు వారములు గుణము కనబడక మాత్రలు మానెదననెను. మూడవ వారమున తెల్లవారు అయిదు గంటలవరకు నిద్రపోయెను. ఆరవ వారమున పొలమునకు పోయెను. గుత్త భూమిని విడిచి, సొంతభూమిలో కొర్రయు కందియు కలిపి విత్తెను. బాకీ నేటికిని పూర్తిగా తీరలేదు. కాని ఆయన నిద్రించుచున్నాడు, సమావేశములకు వచ్చుచున్నాడు, బాకీని గూర్చి లెక్కతో మాటలాడుచున్నాడు.

చికిత్స మన చేరువనే కలదు

మనోవ్యాధికి వైద్యము దూరపట్టణములందే యుండునని పూర్వము తలచెడివారు. ఆ తలంపును మార్చిన పని మన పొరుగుననే జరిగినది. 1953 వరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిది. ఆ బళ్లారి జిల్లాలోనే 1980 దశాబ్దపు నడుమ బెంగళూరు నిమ్‌హాన్స్ సంస్థవారు ఒక ప్రయత్నము చేసిరి. ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యులకును, గ్రామములు తిరుగు ఆరోగ్య కార్యకర్తలకును ఈ రోగముల గుర్తులు నేర్పి, మందులు అచ్చటనే దొరకునట్లు చేసిరి. పెద్ద మానసిక వైద్యశాలకు పోకయే గ్రామస్థులు చికిత్స పొందగలరని తేలెను. ఆ మాదిరిని బట్టియే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము దేశమున ఆరంభమయ్యెను.

కావున మొదటి మెట్టు మీ ప్రాథమిక ఆరోగ్యకేంద్రము, లేదా ఆదోని, ఎమ్మిగనూరులలోని ప్రభుత్వ ఆసుపత్రి. వారు అవసరమని తలచినచో కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలోని మానసిక వైద్య విభాగమునకు పంపుదురు. ఇల్లు కదలలేనివారు టెలీ మానస్ అను ప్రభుత్వ ఫోను సేవకు 14416 సంఖ్యకు పిలువవచ్చును. 2022 అక్టోబరు 10న ఆరంభమైన ఈ సేవకు ఖర్చు లేదు. రాత్రింబగళ్లు తెలుగులో మాటలాడువారుందురు.

మాత్రలను గూర్చి మూడు సంగతులు జ్ఞప్తియందుంచుకొనుడు. దిగులు మాత్రలు ఎరువువంటివి, వేసిన మరునాడే పచ్చదనము రాదు. గుణము కనబడుటకు రెండు మొదలు ఆరు వారములు పట్టును. బాగుపడిన పిదపను వైద్యుడు చెప్పినంతకాలము, సామాన్యముగా ఆరు మాసములు లేక అంతకెక్కువ, వాడవలెను. తటాలున మానరాదు. అంగడిలో చీటి లేకుండ కొను నిద్రమాత్రలు వేరు, అవి అలవాటై విడువరానివగును, వాని జోలికి పోరాదు. మంత్రాలయమునకు మ్రొక్కుకొనుట, దర్గాకు పోవుట, చర్చిలో ప్రార్థించుట మనస్సునకు బలమే. వాని కొరకు మాత్రను మానుట మాత్రము కూడదు.

రోగి తాను చేసికొనవలసినవి

1. దడ వచ్చినపుడు కూర్చుండి, నాలుగు లెక్కించు నంతసేపు ముక్కుతో ఊపిరి పీల్చి, ఆరు లెక్కించు నంతసేపు మెల్లగా విడువవలెను. పది నిమిషములు ఇట్లు చేసిన తిమ్మిరియు దడయు తగ్గును. దడ లేని వేళయందు దినమునకు రెండుమారులు అభ్యసించినచో, వచ్చినపుడు సులభముగా సాగును.

2. నిద్ర పట్టినను పట్టకున్నను తెల్లవారి ఒకే వేళకు లేవవలెను. మధ్యాహ్నము దాటిన పిదప టీ త్రాగరాదు.

3. మనస్సు వచ్చినపుడు పని చేసెదనని కాచుకొనరాదు. దిగులులో మనస్సు ముందుగా రాదు, పని ముందు, మనస్సు పిదప. మొదటినాడు ఎద్దులకు నీరు పెట్టుట, రెండవనాడు ఒక సాలు కలుపు తీయుట, ఇట్లు కొద్దికొద్దిగా పెంచుకొనవలెను.

4. అన్నము మానరాదు. నేను చదువుకొన్న మిషను పాఠశాలలో ఏలీయా ప్రవక్త కథ చెప్పెడివారు. ఆయన చావు కోరి బదరీవృక్షము క్రింద పండుకొనినపుడు, దేవదూత వచ్చి బోధ చేయలేదు. రెండుమారులు లేపి, రొట్టెయు నీరును ఇచ్చి భుజింపజేసెను. నడుమ నిద్రింపనిచ్చెను. ఆయనకు పని చెప్పుట ఆ తరువాత. ఆ క్రమము నేటి వైద్యమునకును సరిపోవును.

5. సారాయి, బ్రాందీ మొదటి గంట నిద్ర తెచ్చి, అర్ధరాత్రి నిద్రను చెరచును. మరునాడు దడను దిగులును హెచ్చించును. ఈ రోగమున మద్యము మందు కాదు, ఎరువు.

6. బాకీలన్నియు ఒక కాగితముపై వ్రాయవలెను. ఎవరికి, ఎంత, ఏ వడ్డీ, ఏ గడువు? తెల్లవారుజామున మూడు గంటలకు అప్పు కొండంతగా తోచును. కాగితముపై అది ఒక సంఖ్య. సంఖ్యను గూర్చి కార్యదర్శితో మాటలాడవచ్చును, కొండను గూర్చి మాటలాడలేము.

ఇంటివారును, సంఘమును

ఇంటివారు “ధైర్యముగా నుండుము” అని చెప్పి ఊరకుండరాదు. ప్రక్కన కూర్చుండి వినవలెను, ఆసుపత్రికి తోడు పోవలెను. “చావవలెనని తోచునా?” అని అడిగిన లేని తలంపు పుట్టునని పలువురు భయపడుదురు. అది సరికాదు. అడుగుటచే బరువు తగ్గును, సాయము చేయు మార్గము తెలియును. పనియు మాటలును మానుట, వస్తువులు పంచి యిచ్చుట, పిల్లలను అప్పగించు మాటలాడుట, తాను లేకున్న ఇంటికి మేలనుట అపాయసూచనలు. అట్టివానిని ఒంటరిగా విడువరాదు, ఆనాడే వైద్యునికి చూపవలెను.

పురుగుమందును ఇంట పడకచోటనో పశువులకొట్టముననో ఉంచరాదు. తాళముగల పెట్టెలో నుంచి, తాళపుచెవి మరియొకరి యొద్ద నుండవలెను. వాడగా మిగులకుండ కొనవలెను. ఇది చిన్న సంగతి కాదు. చావు తలంపు పెక్కండ్రకు కొన్ని గడియలు తీవ్రమై పిదప తగ్గును. ఆ గడియలలో విషము చేతికి అందకున్నచో ప్రాణము నిలుచును. సింహళద్వీపమున మిక్కిలి విషకరమగు పురుగుమందులను 1995 నాటికి నిషేధింపగా, తరువాతి పది సంవత్సరములలో ఆత్మహత్యలు సుమారు సగమునకు తగ్గెను.

ఒకవేళ ఎవరైన అట్టి పనికి పూనుకొనినచో, పోలీసు కేసు భయముచే దాచక వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టపు 115వ సెక్షను ప్రకారము, అట్టివాడు తీవ్రమగు మనోవేదనలో నున్నవాడని భావింపవలెనే గాని శిక్షింపరాదు. ఆతనికి చికిత్స చేయించుట ప్రభుత్వపు బాధ్యత.

2022లో మన దేశమున వ్యవసాయవృత్తిలోని 11,290 మంది ప్రాణములు తీసికొనిరని ప్రభుత్వపు లెక్క. వారిలో రైతులు 5,207 మంది, కూలీలు 6,083 మంది. కావున సభ్యులనే గాక, మన పొలములో పనిచేయు కూలీలను, సుగ్గినుండి తిరిగివచ్చు కుటుంబములను, స్త్రీలను కూడ కనిపెట్టవలెను. స్త్రీలు దిగులని చెప్పరు. ఒళ్లునొప్పులు, నీరసము, తలనొప్పి యని చెప్పుదురు.

ఇక సంఘపు పాలకవర్గమునకు ఒక విన్నపము. బాకీ వసూలు చేయుట సంఘధర్మమే. కాని బాకీదారుని పేరు నలుగురిలో చదువుట, ఇంటిముందు నిలిచి కేకవేయుట ధర్మము కాదు. బాకీ రూపాయలలో నున్నది, పరువు దానికి తాకట్టు కాదు. వైపరీత్యము కలిగిన ఏట పంటఋణపు గడువును పొడిగించి వాయిదాలుగా మార్చు పద్ధతులు కలవు. బీమా కలదు. వీనిని సభ్యుడు అడుగువరకు కాచుకొనక, కార్యదర్శియే పిలిచి చెప్పవలెను. 1938లో ఎమ్మిగనూరున మాచాని సోమప్పగారు నేతగాండ్రను కూర్చి సహకారసంఘము నెలకొల్పిరి. ఒక్కొక్క మగ్గము ఒంటరిగా మోయలేని బరువును సంఘము మోయుననుటకు మన కన్నులయెదుటి సాక్ష్యమది. చింతయు అట్టి బరువే.

వాన పడి పదునైన దినమున ఎవని గొర్రు కదలలేదో చూడుడు. ఆ యింటికి ఆనాడే పొండు. బోధింపక, అడిగి వినుడు.

సమావేశమునందు అడుగదగిన ప్రశ్నలు

1. దడయు తిమ్మిరియు చింతవలన ఎట్లు కలుగును? ఏ గుర్తులు కనబడినపుడు తక్షణమే ఆసుపత్రికి పోవలెను?

2. దిగులు మాత్రలు గుణమిచ్చుటకు ఎంతకాలము పట్టును?

3. మీ యింట పురుగుమందు నేడెక్కడ నున్నది? తాళపుచెవి ఎవరి యొద్ద నున్నది?

4. ఈ ఏట సమావేశములకు రాక మానిన సభ్యులెవరు? వారి యింటికి పోవుటకు ఎవరిని నియమించితిరి?